పద్నాలుగో నెంబరు డబ్బా

హిందూపురం మార్కెట్లో బెల్లం మండీ గంగప్ప నాలుకకు ఒక పేరుండేది. దిమ్మ మూల గోటితో గిల్లి నాలుక మీద వేసుకుంటే చాలు, అది ఉప్పుబోరు కింద పండిన చెరకుదా, మంచినీళ్ళ చెరకుదా, రంగు తేలడానికి మందేమైనా కలిపారా, పాకం ముందుగా దించారా, అన్నీ వరసగా చెప్పేవాడు. రైతు ఎంత ఒట్టు పెట్టినా ఒప్పుకునేవాడు కాదు. "మనిషి నోరు అబద్ధం చెప్పచ్చునప్పా, నాలుక చెప్పదు," అనేవాడు.

"ఏమప్పా గంగప్పా, నువ్వు ఊరికి పోయేటప్పుడు ఆ నాలుక ఈడ పెట్టేసి పో. మాకు తగాదా ఉండదు," అని తోటి వ్యాపారులు ఎగతాళి చేసేవాళ్ళు.

రొళ్ల నుంచి ఒట్టి చేతులతో వచ్చి, ఇరవై ఏళ్ళలో సొంత మండీ పెట్టుకున్నవాడు. ఈ ఇరవై ఏళ్ళలో సరుకు విషయంలో మోసపోయిన రోజు లేదు. బతుకంతా మచ్చు చూసి మూట కొనడమే అని అతని లెక్క. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు చాలు, దేనికైనా అంతే.

ఆ లెక్కకు అందనిది ఇంట్లోనే మొదలైంది.

అతని కూతురు హరితకు ఏడేళ్ళు. నవ్వితే పడిపోయేది. అవ్వ ముక్కుపొడి పీల్చి వరసగా తుమ్ములు తుమ్ముతుంటే హరిత పకపకా నవ్వేది, నవ్వుతూ నవ్వుతూనే మోకాళ్ళలో బలం తీసేసినట్టు కూలబడేది. మొదట్లో అందరూ ఆట అనుకున్నారు. అవ్వ ఇంకో రెండు తుమ్ములు కలిపి తుమ్మేది కూడా. ఒకరోజు గడప మీద పడి గడ్డం పగిలి ఐదు కుట్లు పడ్డాక ఎవరికీ ఆట అనిపించలేదు.

తర్వాత మెట్లు. ఎక్కేటప్పుడు బాగానే ఎక్కేది, దిగేటప్పుడు నిలబడిపోయేది. కళ్ళు కిందికి దిగేవి కావు. కంచంలో అన్నం కనపడాలంటే తల మొత్తం వంచాలి. రెండో తరగతిలో రాసిన అక్షరాలు మూడో తరగతిలో మరిచిపోయింది. మాట ముద్దగా వచ్చేది. పిల్ల ముందుకు పెరగాల్సింది పోయి వెనక్కి నడుస్తోందని గంగప్పకు అర్థమైంది. కానీ ఎక్కడ ఆగుతుందో చెప్పేవాళ్ళు లేరు.

హిందూపురంలో ముగ్గురు డాక్టర్లు, అనంతపురంలో ఇద్దరు అయ్యాక బెంగుళూరులో పెద్దాసుపత్రికి చేరారు. అక్కడ దుర్గాప్రసాద్ అనే డాక్టరు ఎముకలోంచి మూలుగ తీయించి, చర్మం ముక్క తీయించి, నెలన్నర తర్వాత కూర్చోబెట్టి చెప్పాడు. ఎవరో ఇద్దరు విదేశీ డాక్టర్ల పేర్లు కలిపి పెట్టిన జబ్బు. లక్షమందిలో ఒకరికి వస్తుంది. మెదడులో పేరుకోకూడని కొవ్వు పేరుకుంటుంది.

"మీది మేనరికమా?" అని అడిగాడు.

గంగప్ప భార్య సోమక్క తల దించుకుంది. ఆమె గంగప్పకు సొంత అక్క కూతురు. పిల్లను బయటివాళ్ళకు ఇవ్వనని అక్క పట్టుబట్టి చేసిన పెళ్ళి. ఊళ్ళో సగం పెళ్ళిళ్ళు అట్లాంటివే.

"మీ ఇద్దరిలోనూ అదే లోపం దాక్కుని ఉంది. పాపలో రెండూ కలిశాయి," అన్నాడు డాక్టరు.

"మందు?"

"లేదు." బల్ల మీది కాగితం ముందుకు లాక్కుని, "ఒకటి పరీక్షిస్తున్నారు," అన్నాడు.

ఆ పరీక్ష సంగతి డాక్టరు కాగితం మీద గీసి చూపించాడు. ఇరవై నాలుగు మంది పిల్లలు. పన్నెండు మందికి అసలు మందు, పన్నెండు మందికి మందులేని ఉత్త మాత్ర. ఎవరికి ఏది పడిందో తల్లిదండ్రులకు తెలియదు, డాక్టరుకూ తెలియదు. ఏడాది గడిచాక, మందు వల్ల హాని లేదని తేలితే, ఇరవై నాలుగు మందికీ అసలు మందే ఇస్తారు.

"ఏ డబ్బాలో ఏముండాదో అమ్మేవానికి కూడా తెలీని యాపారం నేను యాడా చూడలేదు సార్," అన్నాడు గంగప్ప. "ఉత్త మాత్రలు యాలా? ఉండేది అందరికీ ఇయ్యచ్చు గదా?"

"పనిచేస్తుందో లేదో పోల్చి చూడాలి కదా. అది తెలియకుండా అందరికీ ఇస్తే ఎప్పటికీ తెలియదు."

మచ్చు చూడటమే కదా అనుకున్నాడు గంగప్ప. కాకపోతే ఈసారి మచ్చు తన కూతురు. సంతకం పెట్టాడు. అది 2003లో, ఉగాది పోయిన రెండో వారం.

మందుల గదిలో సిస్టరు ఎస్తేరు గుడిబండ మనిషి. తెలుగు వినగానే గంగప్పకు ప్రాణం లేచొచ్చింది. ఆమె పొడి నింపిన గొట్టం మాత్రల తెల్ల డబ్బా చేతికిచ్చి, దాని మీద నెంబరు చూపించింది. పద్నాలుగు.

"రోజుకు రెండన్నా. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మూడు నెలలకు డబ్బా తెచ్చియ్యాల. మిగిలినవి ఒక్కోటి ఎంచుతాను. లెక్క తప్పితే ఊరుకోను, ముందే చెప్తాండా."

"లెక్క నాకు చెప్తాండావా అమ్మా," అని నవ్వాడు గంగప్ప. ఆ ఆసుపత్రిలో అతను నవ్వింది అదొక్కసారే.

తొమ్మిదో నెంబరు డబ్బా రామాంజినేయులుది. ధర్మవరంలో మగ్గం మీద పట్టుచీరలు నేసే మనిషి. కొడుకు రాఘవేంద్రకు ఎనిమిదేళ్ళు, అదే జబ్బు. రెండు కుటుంబాలు ఒకే బెంచీ మీద కూర్చున్నాయి, ఒకే రైల్లో ఇళ్ళకు పోయాయి. రామాంజినేయులు గంగప్పను అన్నా అనేవాడు. మాట తక్కువ. హిందూపురంలో దిగేటప్పుడు హరితను ఎత్తుకుని ప్లాట్‌ఫారం మీద నిలబెట్టి, కొడుకు కోసం మళ్ళీ పెట్టె ఎక్కాడు.

మూడు నెలల తర్వాత మళ్ళీ అదే బెంచీ. ఆడవాళ్ళిద్దరూ మాట్లాడుకుంటున్నారు. రామాంజినేయులు భార్య కుళ్ళాయమ్మ అంటోంది: "మావానికి మాత్ర గొంతులో అడ్డం పడతాదక్కా. విప్పి నీళ్ళలో కలిపి పోస్తాం. విషం మాదిరి చేదు. దినమూ రెండుమార్లు వాడు ఏడ్చేది, నేను ఏడ్చేది."

"మేమూ విప్పే ఇస్తాండాం," అంది సోమక్క. "మా పాప బాగానే తాగుతాదే. చెంచా కూడా నాకుతాది."

పక్కన కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తున్న గంగప్ప చెయ్యి ఆగిపోయింది.

ఇంటికి పోయాక తలుపేసుకుని పద్నాలుగో నెంబరు డబ్బా తెరిచాడు. ఒక మాత్ర విప్పి, తెల్లటి పొడి గోటి మీద వేసుకుని నాలుకకు తాకించాడు. కళ్ళు మూసుకున్నాడు. తీపి. బెల్లం తీపి కాదు, తేనె తీపి కాదు, చక్కెరలాగా చప్పగా ఉండే తీపి. చేదు ఎక్కడా లేదు. మళ్ళీ తాకించాడు. నోరు కడుక్కుని మళ్ళీ తాకించాడు.

మందంటే చేదు. పుట్టిన పిల్లకు పోసే ఆముదం మొదలుకుని జ్వరం మాత్ర దాకా మందు ఏదైనా నోరు వికారం చేయాల్సిందే. తీపిగా ఉండే మందు లోకంలో ఉందా? అంటే తన కూతురికి ఉత్తది పడింది. మూడు నెలలుగా పిల్ల రోజుకు రెండుసార్లు చక్కెర నాకుతోంది, మెదడు రోజురోజుకూ కరిగిపోతోంది. అసలు మందు ధర్మవరంలో ఏడుస్తూ తాగుతున్నారు.

ఇంకా తొమ్మిది నెలలు. డాక్టరు గీసిన కాగితంలో ఆ తొమ్మిది నెలలు ఒక గీత మాత్రమే. కానీ గంగప్ప ఇంట్లో లెక్క వేరు. నిరుడు పిల్ల పేరు రాసేది, ఈ ఏడాది పలక కూడా పట్టుకోవడం లేదు. తొమ్మిది నెలల్లో ఇంకేం పోతుందో అతనికి తెలుసు. పోయింది మళ్ళీ రాదని డాక్టరే చెప్పాడు.

రెండు రోజులు ఆలోచించి ధర్మవరానికి ఫోన్ చేయించాడు. రామాంజినేయులు ఇంటి పక్క ఎస్టీడీ బూతువాళ్ళు పిలిచి పెట్టారు. రెండు ఊళ్ళకూ మధ్యలో పెనుకొండ స్టేషన్లో కలుద్దామని చెప్పాడు.

పెనుకొండకు పోయేటప్పుడు రెండు కిలోల మేలురకం బెల్లం సంచిలో వేసుకున్నాడు. మాటలు కూడా సిద్ధం చేసుకున్నాడు. "మందు రెండు డబ్బాల్లోనూ ఒకటేనంటప్పా, రుచి మాత్రమే వేరంట. పిల్లోడు ఏడ్చేది యాలా? మా తీపి డబ్బా నువ్వు తీసుకో, మీ చేదు డబ్బా మేం మింగుతాం." అంతే చాలు. ఆ మనిషి నమ్ముతాడు. నమ్మేవాడు ఎదురుగా ఉంటే ఎట్లా మాట్లాడాలో గంగప్పకు ఒకరు నేర్పక్కర్లేదు. రైల్లో కూర్చుని ఆ మాటలు నాలుగుసార్లు నెమరేసుకున్నాడు. రాఘవేంద్ర ముఖం గుర్తుకొచ్చినప్పుడల్లా కిటికీలోంచి బయటికి చూశాడు.

రామాంజినేయులు ముందే వచ్చి ప్లాట్‌ఫారం చివరి బెంచీ మీద ఉన్నాడు. గంగప్ప కూర్చుని, బెల్లం సంచి మధ్యలో పెట్టి, గొంతు సవరించుకునే లోపల అతనే మొదలుపెట్టాడు.

"అన్నా, ఆ దినం ఆడోళ్ళు మాట్లాడింది నేనూ విన్నా. మీ పాపది తీపి. మావానిది చేదు. అసలు మందు మాకు పడిండాది, ఉత్తది మీకు పడిండాది. ఇంటికి పోయినకాడ్నుంచి నాకు అన్నం సయించడంలే." జేబులోంచి పట్టుగుడ్డ పేలికలో కట్టిన పొట్లం తీశాడు. "ముప్పై ఉండాయి. నెలకు సగం. పొద్దున ఎవురిది వాళ్ళకు, సాయంత్రం రెండోవాళ్ళది అనుకుందాం. నీ ముప్పై నాకియ్యి, లెక్క సరిపోతాది."

సిద్ధం చేసుకున్న అబద్ధం గంగప్ప గొంతులోనే ఉండిపోయింది. బేరం మొదలుకాకముందే ఎదుటివాడు సగం ఇచ్చేస్తే ఏం చేయాలో అతనికి తెలియదు. ఇరవై ఏళ్ళలో ఎప్పుడూ ఆ అవసరం రాలేదు.

"కాకపోతే ఒకటే అన్నా," అన్నాడు రామాంజినేయులు. "ఏడాదైతే అందరికీ అసలుదే ఇస్తామన్నారు గదా. తెలిస్తే ఏమన్నా అంటారేమో?"

అప్పుడు ఆపి ఉండవచ్చు. "ఔనప్పా, తొమ్మిది నెలలు ఓపిక పడదాం" అని ఉంటే సరిపోయేది. కానీ గంగప్పలోని వ్యాపారికి చేతిలో ఉన్న సరుకే సరుకు.

"రేపిస్తానన్న సరుకును నమ్ముకుని ఈ దినం గోనెసంచి కొనకూడదప్పా. తేలితే ఇస్తాం అన్న్యారు గాని, ఇస్తాం అన్లేదు. రెండు మాత్రలూ ఒకే రంగు, ఒకే అచ్చు. ఎస్తేరమ్మ పదిమార్లు ఎంచినా లెక్క తప్పదు. ఎట్ల తెలుస్తాది?"

రామాంజినేయులు తల ఊపాడు. "నీకు తెలిసినంత నాకు తెలీదులే అన్నా," అన్నాడు. బెల్లం సంచి తీసుకున్నాడు. చేదు విరగడానికి పిల్లవాడికి బాగుంటుందని సంబరపడ్డాడు.

అప్పటినుంచి నెలకొక బేస్తవారం పెనుకొండ. ముప్పై ఇచ్చి ముప్పై పుచ్చుకోవడం, ఒక టీ తాగడం, ఎవరి బండి వాళ్ళెక్కడం. హరిత పొద్దున తీపి మాత్ర నాకేది, సాయంత్రం చేదు మాత్రకు పళ్ళు బిగించేది. సోమక్క ముక్కు మూసి పోసేది. పిల్ల వాంతి చేసుకుంటే గంగప్పకు ధైర్యంగా ఉండేది. మందు దిగుతోందన్నమాట.

రోజుకు ఎన్నిసార్లు పడిందో అతను మనసులో లెక్క పెట్టుకునేవాడు. మొదటి నెల తొమ్మిది, ఏడు, ఎనిమిది. రెండో నెల ఆరు, ఐదు, ఆరు. "తగ్గుతాండాది," అన్నాడు భార్యతో.

సోమక్క పిల్లకు జడ వేస్తూ, "ఇంట్లో ఎవురన్నా నవ్విస్తాండారా దాన్ని? అవ్వ తుమ్ము వస్తే కూడా పెరట్లోకి పోతాండాది. నవ్వకపోతే యాడ పడతాది?" అంది.

నాలుగో నెలకు నవ్వకుండానే పడిపోవడం మొదలైంది. ఐదో నెలలో మూర్ఛ వచ్చింది. అన్నం మెత్తగా పిసికి పెట్టాల్సి వచ్చింది. సగం మందు కదా, సగమే పనిచేస్తుంది అనుకున్నాడు గంగప్ప. పెనుకొండలో రామాంజినేయులుకు ఆ మాట చెప్పాడు, పాపకు ఎక్కువైందప్పా అని. రామాంజినేయులు వినుకుంటూ కూర్చున్నాడు, తన కొడుకు సంగతి చెప్పలేదు.

మాత్రలు మార్చుకోవడం మొదలై ఆరు నెలలు దాటాక ఒక మంగళవారం మండీకి ఫోన్ వచ్చింది. ఎస్తేరు.

"గంగప్పన్నా, రేపు రా. పాపను తీసుకురావద్దు. డబ్బా మాత్రం తీసుకురా." గొంతులో ఎప్పటి చనువు లేదు. "ధర్మవరం ఆయనకూ చేసినా. కొడుక్కు ఫిట్స్ తగ్గడం లేదంట, రాలేనన్న్యాడు."

డాక్టరు గదిలో ఫ్యాను తిరుగుతోంది. దుర్గాప్రసాద్ ముందు రెండు కాగితాలున్నాయి. ఆయన కోపంగా లేడు. దానికే గంగప్పకు భయం వేసింది.

"మూడు నెలలకొకసారి పిల్లల రక్తం తీశాం కదా. అది విదేశంలో మందు చేసే కంపెనీవాళ్ళ దగ్గరికి పోతుంది. ఏ నెంబరులో ఏముందో వాళ్ళకు తెలుసు. తొమ్మిదో నెంబరు రక్తంలో ఉండకూడని మందు ఉంది. పద్నాలుగో నెంబరులో ఉండాల్సిన దాంట్లో సగమే ఉంది. ఏం చేశారు మీరు?"

గంగప్ప చెప్పాడు. ఒక్కటీ దాచలేదు. చెప్తూ చెప్తూ మధ్యలో ఆగిపోయాడు. డాక్టరు అన్న మాట అప్పటికి చెవి దాటి లోపలికి పోయింది.

"పద్నాలుగులో ఉండాల్సింది, అంటే?"

"అసలు మందు మీ పాపకు పడింది గంగప్పా. మొదటి రోజునుంచీ."

"లేదు సార్. మాది తీపి. నేను చూసినా."

"ఆ మందు చక్కెర జాతి పదార్థమే. తియ్యగానే ఉంటుంది. కొందరు తల్లిదండ్రులు విప్పి రుచి చూస్తారని వాళ్ళకు తెలుసు. చేదుగా ఉంటే మందే అనుకుంటారని ఉత్త మాత్రల్లో చేదు కలిపారట. నాకూ నిన్ననే తెలిసింది."

గంగప్ప తన చేతుల వంక చూసుకున్నాడు. ఆరు నెలలుగా కూతురి మందులో సగం తీసి, ఆ చోట ఉత్త చేదు పోయించాడు. దానికోసం రైలెక్కి పోయాడు. పోనీ, ఆ సగం రాఘవేంద్రకు చేరింది, వాడికైనా మేలు జరిగిందా అంటే, సగం మోతాదు మెదడు దాకా చేరుతుందో లేదో కూడా చెప్పలేమన్నాడు డాక్టరు.

"సరే సార్, తప్పే. పిల్లదేం తప్పు? ఈ పొద్దునుంచి దాని మందు దానికి పూరా ఇస్తా. ఇంక మూడు నెలలుండాది గదా, తర్వాత ఇద్దరికీ..."

డాక్టరు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇద్దరినీ పరీక్షలోంచి తీసేశారు. మందు ఈ రోజుతో ఆపేయాలి. ఏడాది తర్వాత ఇచ్చే జాబితాలో కూడా ఉండరు. నేను రెండుసార్లు రాశాను. కుదరదన్నారు."

"యాడన్నా కొంటా సార్. ఎంతైనా సరే."

"ఎక్కడా అమ్మరు. ఇంకా అమ్మకానికి రాలేదు."

కొనడానికి లేని సరుకు, బేరానికి రాని మనిషి. గంగప్ప ఇంకా ఏదో ఒకటి అడగాలని కూర్చున్నాడు. చివరికి, "ఆ మందు పనిచేస్తాందా సార్, మిగతా పిల్లలకు?" అన్నాడు.

"ఏడాది అయితే తప్ప తెలియదు. మనకు ఇరవై నాలుగు మందే. ఇప్పుడు ఇరవై రెండు. అంత తక్కువ మందితో తేలుతుందో లేదో."

బయట ఎస్తేరు డబ్బా తీసుకుని, బల్ల మీద పోసి, అలవాటుగా ఒక్కొక్కటే వేలితో జరుపుతూ లెక్కపెట్టింది. లెక్క సరిపోయింది. ఆమె తల ఎత్తలేదు. "ధర్మవరం ఆయనకు ఫోన్లో చెప్పడానికి నాకు నోరు రాలేదన్నా," అంది. "నువ్వే చెప్పు. వాళ్ళ డబ్బా కూడా వెనక్కి పంపాలంట."

మర్నాడు బేస్తవారమే. గంగప్ప పెనుకొండకు పోయాడు. చేతిలో మాత్రల పొట్లం లేదు. పోయేటప్పుడు బెల్లం సంచి మాత్రం అలవాటుగా చేతికి వచ్చింది.

రామాంజినేయులు చివరి బెంచీ మీదే ఉన్నాడు. చిక్కిపోయాడు. గంగప్ప కూర్చోగానే పట్టుపేలిక పొట్లం తీసి చేతిలో పెట్టాడు.

"ఈమారు నలభై ఉండాయన్నా. పాపకు ఎక్కువైంది అన్న్యావు గదా. మావానికి పది తక్కువ చేసి కట్టినా. వానికి ఎట్లనో మొదట్లో మూడు నెలలు పూరా అసలు మందు పోయినాది గదా."

గంగప్ప పొట్లం పట్టుకుని అంతా చెప్పాడు. ఎక్కడ మొదలుపెట్టాడో, ఏ వరసలో చెప్పాడో అతనికి తర్వాత గుర్తులేదు. గోనెసంచి మాట తాను అన్నదేనని కూడా చెప్పాడు. రామాంజినేయులు తిట్టలేదు. తిట్టి ఉంటే గంగప్పకు కాస్త తేలికయ్యేది. గూడ్సు బండి ఒకటి దడదడమంటూ పోయింది. అది పూర్తిగా పోయేదాకా ఇద్దరూ దాన్నే చూశారు.

తర్వాత రామాంజినేయులు పొట్లం వెనక్కి తీసుకుని విప్పి, ఒక మాత్ర తీశాడు. గొట్టం ఊడదీసి, పొడి నాలుక మీద వేసుకున్నాడు. ముఖం ముడుచుకుంది. ఉమ్మలేదు.

"ఉత్తదే అయితే," అన్నాడు నెమ్మదిగా, "ఇంత చేదు యాలా పెట్టినారన్నా? దినమూ రెండుమార్లు ఏడిపించినామే వాన్ని."



ధర్మవరం బండి వచ్చింది. రామాంజినేయులు లేచి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. గంగప్ప బెల్లం సంచి అందించబోయాడు.

"ఇంక బెల్లం ఏం చేసుకుందునన్నా," అని బండి ఎక్కాడు.

సంచి బెంచీ మీద ఉండిపోయింది. దాని పక్కన విప్పిన పట్టుపేలికలో ముప్పై తొమ్మిది మాత్రలు. వాటిని ఆసుపత్రికి పంపాలి కాబట్టి గంగప్ప మళ్ళీ జాగ్రత్తగా ముడి వేశాడు. హిందూపురం బండికి ఇంకా ముప్పావు గంట టైముంది. నిన్నటి సంగతి అతను ఇంట్లో చెప్పలేదు, డబ్బా మార్చి ఇస్తారట అన్నాడంతే. ఇంట్లో ఈపాటికి సోమక్క గ్లాసులో నీళ్ళు, చెంచా సిద్ధం చేసుకుని, పిల్లను ఒళ్ళో పడుకోబెట్టుకుని, సాయంత్రం మాత్ర కోసం చూస్తూ ఉంటుంది.